నిండిన కుర్చీలు

"సభ జరిగిందా, సరే. జరగలేదా, రేపు ఈ గది తాళంచెవి ట్యూషన్ మాస్టారి చేతికి పోతుంది. తర్వాత నన్ననుకోకు మరదలా," అన్నాడు కార్యదర్శి, గోడవార కుర్చీలో కూలబడుతూ.

ఆయన ఆమెకు స్వయానా అక్క మొగుడు. ఇంట్లో ఎంత వేళాకోళమాడినా గ్రంథాలయంలో అడుగుపెడితే మాత్రం కమిటీ మనిషే. గ్రంథాలయం చూసుకునేది ఆమె. ఈ గది చేజారితే పుస్తకాలు అటకెక్కుతాయి, ఆమె ఇంట్లో కూర్చోవాలి.

కథలు రాయడం నేర్పిస్తామని గుమ్మానికి కాగితం అంటించడం ఇది మూడోసారి. మొదటిసారి రావలసిన రచయితకు జ్వరం తగిలింది. రెండోసారి రావలసినావిడ దారిలో ఉన్నానంటూనే పొద్దుగూకించింది. జనం కూర్చుని కూర్చుని తిట్టుకుంటూ లేచిపోయారు. అందుకే ఈసారి ఆమె ఏ ఒక్క రచయితనీ నమ్ముకోలేదు. వారం పాటు ఫోను చెవికి అంటించుకుని పేరుపేరునా బతిమాలింది. అందరూ తప్పకుండా వస్తామన్నారు. వస్తామన్న వాళ్ళు ఎంతమంది వస్తారో ఆమెకు తెలియనిదా.

ముందుగా ఒక పెద్దాయన వచ్చాడు. ఆమె ప్రాణం కుదుటపడింది. మంచినీళ్ళిచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది. ఆయన సంచీ ఒళ్ళో పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు. ఆయన వెనకే ఒకావిడ వచ్చి, మైకు సరిగ్గా వినబడుతుందా అని అడిగి మరీ కూర్చుంది. ఆ తర్వాత ఇద్దరు కలిసి లోపలికొచ్చారు. దేవుడా, వీళ్ళూనా అని ఆమె గొణుక్కుంది.

"జనం రాకపోతే ఏడుపు, వస్తే ఏడుపు. ఇంతకీ నీకేం కావాలి?" అన్నాడు బావ.

ఉక్కపోతగా ఉందని చెప్పి ఆమె వరండాలోకి తప్పుకుంది. అక్కకు ఫోన్ చేసి గుసగుసగా, "అందరూ వచ్చేస్తున్నారే అక్కా," అంది. రావాలనేగా పిలిచావు, నీ గోల నాకర్థం కాదంటూ అక్క పెట్టేసింది.

ఆమె తిరిగొచ్చేసరికి రెండు వరసలు నిండాయి. గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ ఓసారి హాలంతా కలయజూసి, జనం బాగానే వచ్చారే అని మురిసిపోతున్నారు. ఒకరినొకరు గుర్తుపట్టిన ఇద్దరు, మీరూ వచ్చారా, చాలా సంతోషమంటూ చేతులు పట్టుకున్నారు. ఇకనైనా ఆగితే బాగుండునని ఆమె గుమ్మం వైపు చూస్తూనే ఉంది. ఆగలేదు. కుర్చీలు చాలక, చివరగా వచ్చినావిడకు తన బల్ల దగ్గరి స్టూలు ఇవ్వాల్సి వచ్చింది.

బావ మొహం విప్పారింది. ఇంత శ్రద్ధగల జనాన్ని తానెక్కడా చూడలేదని, అటూ ఇటూ కదలకుండా వేదిక మీదే కళ్ళు పెట్టుకుని కూర్చున్నారని మెచ్చుకున్నాడు. ఇక మొదలుపెట్టమన్నాడు.

"కాసేపు ఆగుదాం బావా."

"ఏం, నీ రచయిత మళ్ళీ ఎగ్గొట్టాడా?"

"లేదు. వచ్చారు."

"మరింకేం? ఆయన నోరు విప్పి నాలుగు ముక్కలు చెప్తే గది నీదే. కమిటీతో నేను మాట్లాడతాను."

సభను ఇంకోరోజుకి మారుద్దామా, కరెంటు పోయిందని దీపాలార్పేద్దామా అని ఆమె బుర్ర పరిపరివిధాల పోయింది. నోటికి ఏదో ఒకటి తోచేలోపే బావ వేదికెక్కి మైకు అందుకున్నాడు. ఆపమని ఆమె చేత్తో సైగ చేసింది. సిగ్గుపడుతోందనుకుని ఆయన నవ్వాడు.

"మనందరం ఎదురుచూస్తున్న రచయితగారిని వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాను," అన్నాడు.

హాల్లో కూర్చున్న వాళ్ళంతా లేచి వేదిక వైపు నడిచారు.