వాళ్ళమ్మకి కబురు

టీచరు నుదుటి మీద చెయ్యి వేసి చూస్తే పిల్ల ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఆమె సొంత కూతురే. బడి గేటు దాటాక అమ్మా అని పిలవకూడదని నేర్పిందీ ఆమే.

"ఇంత జ్వరంతో ఎందుకొచ్చావు? పొద్దున మీ అమ్మకి చెప్పలేదా?" అందరు పిల్లల్నీ అడిగే మాటే నోటికొచ్చింది.

"చెప్పాను టీచర్. ఆవు పాలు పిండుతూ ఊఁ అంది."

"మళ్ళీ చెప్పాల్సింది."

"చెప్పాను. పొలంలో ఉన్న నాన్నకి క్యారేజీ సర్దుతూ ఊఁ అంది."

టీచరు మొహంలో ఏ మార్పూ లేదు. గుమ్మం దగ్గరున్న ఆయాతో, ఎవరికి ఒంట్లో బాగోకపోయినా చెప్పేదే చెప్పింది.

"వెళ్ళి వాళ్ళమ్మని పిలుచుకురా."

ఆయా మెట్టు దిగబోయి ఆగింది.

"ఎక్కడికెళ్ళి పిలవమంటారు టీచరమ్మా?"