ఆరు నిమిషాల పాఠం

మా బీఈడీ కాలేజీలో మైక్రో టీచింగంటే ఒకరు ఆరు నిమిషాలు పాఠం చెప్పాలి, మిగతా ట్రైనీలం పిల్లలమై బెంచీల మీద కూర్చోవాలి. ఆ రోజు వంతు అఖిలది.

ఎడమచేత్తో బోర్డు మీద "నేలలు" అని రాసింది. ఇటు తిరిగి, బ్యాచ్‌లో అందరికంటే పెద్దవాడైన యలమందయ్యను లేపింది.

"పత్తి ఏ నేలలో పండుద్దిరా?"

నలభై ఆరేళ్ల మనిషిని పట్టుకుని "రా" అనేసరికి మేమంతా నవ్వాం. దర్శిలో నాలుగెకరాల పత్తి వేసే మనిషికి ఆ జవాబు తెలియదా? అయినా చేతులు కట్టుకుని ఊరికే నిలబడ్డాడు.

"చెయ్యి చాపు."

ఎడమచెయ్యి చాపాడు. ఆటే అనుకున్నాం. అఖిల ఆ చేతిని బోర్లా తిప్పి, చెక్క స్కేలు అంచుతో వేళ్ల కణుపుల మీద కొట్టింది. రెండో దెబ్బకు చర్మం చిట్లింది. ఐదో దెబ్బకు స్కేలు విరిగింది. ముందు బెంచీలో నా రికార్డు పుస్తకం మీద రక్తం చింది పడింది.

లెక్చరర్ కుర్చీ తోసుకుని లేచింది. "పిచ్చి పట్టిందా నీకు?"

"మీరు కూర్చోండి మేడమ్. ఇంకా రెండు నిమిషాలు టైముంది" అన్నాడు యలమందయ్య.

కుడిచెయ్యి తనే బోర్లా తిప్పి బల్ల మీద పెట్టాడు.

"బీఈడీ లేకుండానే పన్నెండేళ్లు ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పానండి. ఎనిమిదో తరగతిలో ఈ అమ్మాయిని ఇదే ప్రశ్న అడిగాను. జవాబు చెప్పలేదని కుడిచేతి మీద కొట్టాను. అప్పటిదాకా ఆ చేత్తోనే రాసేది."