అడుగు చిరిగిన సంచి

"సంచి అడుగు చిరిగిందమ్మా. ఎంత వేసినా నిలవడం లేదు. కాస్త కుట్టిపెడతావా?"

ముసలావిడ చిన్న చిల్లర సంచి ఒకటి బల్ల మీద పెట్టింది. జిడ్డు పట్టి, అసలు రంగేమిటో కూడా తెలియకుండా ఉంది.

ఏ బట్ట వచ్చినా ముందు తిరగేసి లోపలి కుట్టు చూడటం టైలరమ్మ అలవాటు. ఈ సంచిని మాత్రం రెండు వేళ్ళతో పట్టుకుని పక్కన పడేసింది.

"తీరిక చిక్కితే చూస్తాలెండి."

"నాకు తొందరేం లేదమ్మా. కూర్చుంటాను."

అంతలో బడి నుంచి టైలరమ్మ కూతురు వచ్చింది. వస్తూనే చెయ్యి చాపింది. టైలరమ్మ తల తిప్పకుండానే సొరుగులోంచి ఓ నాణెం తీసి ఆ చేతిలో పెట్టింది.

రోజూ జరిగేదే. తండ్రి లేని పిల్ల. తను చిన్నప్పుడు షాపుల అద్దాలకి ముక్కు ఆనించి నిలబడింది చాలు, కూతురికి ఆ గతి పట్టకూడదని టైలరమ్మ పంతం. మెడ పడిపోయేలా కుట్టేది అందుకే.

"దాంతో ఏం కొంటావు?" అడిగింది ముసలావిడ.

"స్టిక్కర్."

"రేపటికి ఉంటుందా?"

"చిరిగిపోతుంది."

"మరి నీకు నిజంగా కావాల్సిందేమిటి?"

పిల్ల ఎదురు షాపు అద్దంలోకి చూసింది. "ఆ పెద్ద రంగుల డబ్బా."

ముసలావిడ లేచి, తెర వెనక కింది అరలోంచి ఖాళీ బొత్తాల డబ్బా తీసుకొచ్చింది. "ఒకరోజు కొనుక్కో. ఒకరోజు ఇందులో వెయ్యి. నువ్వు బతిమాలినా ఇవ్వొద్దని దీనికి గట్టిగా చెప్పు."

పిల్ల డబ్బాకి నోరు ఆనించి గుసగుసగా చెప్పింది.

ఆ డబ్బా అక్కడుందని ఈవిడకెలా తెలుసు అనుకుంది టైలరమ్మ. ఈలోగా కొలతలివ్వడానికి ఎవరో వచ్చారు. ఆ సంగతి మర్చిపోయింది.

ఆనాటి నుంచి బడి వదిలే వేళకి ముసలావిడ వచ్చి ముక్కాలి పీట మీద కూర్చునేది. డబ్బాలో చప్పుడు పెరుగుతూ వచ్చింది. సంచి సంగతి ఆవిడా అడగలేదు, టైలరమ్మా ముట్టలేదు.

"జుట్టు నమలొద్దన్నానా," అంది టైలరమ్మ ఓసారి, సూదిలో దారం ఎక్కిస్తూ.

పిల్లా, ముసలావిడా ఇద్దరూ నోట్లోంచి జుట్టు కొసలు తీశారు.

టైలరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎందుకో తెలియలేదు.

ఒకరోజు తనే నాణెం ఇవ్వబోతే పిల్ల చెయ్యి చాపలేదు.

"నిన్న ఇచ్చావుగా అమ్మా."

"అయితే ఏం? మనకేం తక్కువని?"

"నువ్వు ఎల్లకాలం ఉండవు కదా. బామ్మ చెప్పింది."

టైలరమ్మకి భయం వేసింది. ఆ భయమంతా కోపమై ముసలావిడ మీదికి మళ్ళింది.

"నేను పోతానని పసిదానికి నూరిపోస్తున్నారా?"

"చిన్నప్పుడు నాకా మాట ఎవరూ చెప్పలేదమ్మా. అడిగినప్పుడల్లా మా అమ్మ ఇచ్చేది. అమ్మతో పాటే ఇచ్చే చెయ్యీ పోయింది. నాకేమో చాపడం ఒక్కటే వచ్చు."

"మీ అమ్మ గొడవ నాకెందుకు? నా కూతురి పాట్లేవో అది పడుతుంది."

"పడుతుందమ్మా," అంది ముసలావిడ, చూసొచ్చినట్టు.

"లేవండి. ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకండి."

ముసలావిడ లేచింది. పిల్ల తల నిమరబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. టైలరమ్మ ముఖంలోకి మాత్రం చాలాసేపు చూసింది. సంచి అడగకుండానే వెళ్ళిపోయింది. టైలరమ్మ దాన్ని పీలికల మూటలోకి విసిరేసింది.

ఆ సాయంత్రమే డబ్బా బోర్లించి, చిల్లరంతా పిల్ల చేత ఖర్చు పెట్టించింది. స్టిక్కర్లు, బెలూన్లు, ఇంటికొచ్చేలోపే విరిగిపోయిన ఓ బొమ్మ. రంగుల డబ్బాకి ఇంకాస్తే తక్కువ.

మర్నాటికి పిల్ల మళ్ళీ చెయ్యి చాపింది. టైలరమ్మ మనసు కుదుటపడింది.

పుట్టినరోజుకి గౌను గుడ్డ ఎంచుకోమంటే పిల్ల నీలం మీద పసుప్పచ్చ బాతులున్నది చూపించింది.

"కొత్త డిజైనమ్మా. ఇవాళే దిగింది. ఈ తాను కట్టు ఇప్పుడే విప్పుతున్నా," అన్నాడు బట్టల షాపతను.

గౌను కాగా మిగిలిన ముక్కతో టైలరమ్మ ఓ చిల్లర సంచి కుట్టింది. లోపల ఒక మూల ఎర్రదారంతో మూడు అడ్డకుట్లు వేసింది. కూతురి బట్టలకి తప్ప ఇంకెవరి వాటికీ వెయ్యని గుర్తు అది.

మూతికి తాడు కోసం పీలికల మూటలో చెయ్యి పెడితే ముసలావిడ సంచి తగిలింది. చేతులు వాటి అలవాటు కొద్దీ దాన్ని తిరగేశాయి.

లోపలికి జిడ్డు అంటలేదు. వెలిసిపోయిన నీలం. దాని మీద పసుప్పచ్చ బాతులు.

మూల మూడు ఎర్ర అడ్డకుట్లు, పోగులు పోగులుగా అరిగిపోయి.

టైలరమ్మ చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికింది. పీట మీద రోజూ కూర్చునే ఆవిణ్ణి చూశారా అని పక్క షాపులో అడిగింది.

"ఎవరూ? మీ పీట మీద ఎప్పుడూ మీ పాపే కదండీ కూర్చునేది," అన్నాడతను.

కాళ్ళీడ్చుకుంటూ వెనక్కి వచ్చింది. గుమ్మంలో కూతురు జుట్టు కొస నములుతూ, చెయ్యి చాపి నిలబడి ఉంది.

"అమ్మా, ఇంకోటివ్వవా?"

ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని టైలరమ్మ గడప మీదే కూలబడింది: తను వెళ్ళగొట్టింది ఈ పిల్లనే, తల నెరిశాక, చిరిగిన సంచి పట్టుకుని అమ్మ దగ్గరికి వచ్చిన ఈ పిల్లనే.