పాస్టరుగారి ఆమేన్

ప్రభుత్వం చర్చికి అధికారమిచ్చాక, పాస్టరు ఏసురత్నం నోట ‘ఆమేన్’ వస్తే చాలు, పేటలోని యంత్రాలు ఆ ప్రార్థనను సర్కారు ఉత్తర్వుగా అమలు చేసేస్తున్నాయి.

ఆ సాయంత్రం ప్రార్థన కూటంలో సువార్తమ్మ, “తల పగిలిపోతోంది, ఆ భజన మైకు ఆపు తండ్రీ” అని దేవుడికి మొరపెట్టుకుంది. పాస్టరు అలవాటుగా ‘ఆమేన్’ అన్నాడో లేదో, పక్కవీధి రామాలయంలో మైకు మూగబోయింది.

భజన పెద్ద శేషయ్య గుమ్మంలోకొచ్చాడు. “ఏంది పాస్టరుగారూ, రేపు మేం ఊపిరి పీల్చాలన్నా మీ ఆమేన్ కావాలా?”

పాస్టరుకు తల కొట్టేసినట్టయింది. అక్కడే మోకరించాడు. “ప్రభువా, వాళ్ళ మైకు వాళ్ళకిచ్చెయ్యి. సర్కారు నాకిచ్చిన ఈ అధికారం తీసెయ్యి. ఆమేన్.”

పక్కవీధిలో మైకు కుయ్‌మంది.

“చల్లగా ఉండండి పాస్టరుగారూ!” అన్నాడు శేషయ్య.

“ఆమేన్” అన్నాడు పాస్టరు. ఈసారి ఏ యంత్రమూ కదల్లేదు. ఎన్నాళ్ళకో ఆ మాట నేరుగా పైకి పోయింది.