వాలుకుర్చీ సైకిలు

ఆదోనిలో చోటే సాబ్ అనే సైకిళ్ల మెకానిక్, తన నడుంనొప్పికని వాలుకుర్చీ లాంటి సైకిలొకటి చేసుకున్నాడు. వెనక్కి ఆనుకొని కాళ్లు చాపి తొక్కాలి. పెడళ్లు కళ్లెదుటే తిరుగుతాయి.

"నేనూ ఒకసారి తొక్కుతానయ్యా" అని భార్య జైనాబ్ బీ ఎన్నిసార్లో అడిగింది.

"ఆడమనిషివి, అట్లా కాళ్లు సాపి తొక్కితే సూసినోళ్లు నవ్వరా?" అనేవాడు ప్రతిసారీ. ఆమె పోయి ఏడాదయింది.

ఆ రాత్రి ఎమ్మిగనూరు నుంచి ఒంటరిగా వస్తూ, మిట్ట ఎక్కలేక అలసిపోయి పెడళ్ల మీంచి కాళ్లు తీశాడు.

సైకిలు ఆగలేదు. ఎదుట పెడళ్లు వాటంతటవే తిరుగుతున్నాయి, కొత్తగా నేర్చుకునేవాళ్లు తొక్కినట్టు తడబడుతూ.

సాబ్ కాళ్లు మరికాస్త పక్కకు జరిపి చోటిచ్చాడు.

ఇంతలో ఎదురుగా లాంతరు వెలుగులో ఎద్దులబండి వచ్చింది. పెడళ్లు చటుక్కున ఆగిపోయాయి. సాబ్ కాళ్లు నేలకానించాడు.

"ఏం సాబూ, మంచమెక్కి ఊరేగుతాండావా?" బండి తోలే మారెప్ప నవ్వుకుంటూ సాగిపోయాడు.

"పోయినాడులే. తొక్కు" అన్నాడు సాబ్ మెల్లగా.

పెడళ్లు కదల్లేదు. ఆ సిగ్గు తాను నేర్పిందే.

సైకిలు దీపం ఆర్పేశాడు.

"ఇంగ ఎవురూ సూడరు. నేను గూడా సూడను" అంటూ కళ్లు మూసుకున్నాడు.

చాలాసేపటికి, చీకట్లో గొలుసు ఒక్కసారి కిర్రుమంది.