అవ్వ చూపించిన ఇల్లు

"ఈ రంగుల ఇల్లే మీ తాతలనాటిదని చెప్పవ్వా. నీ సొమ్మేం పోయింది?" అన్నాడు టూరిస్టు కంపెనీ మేనేజరు తౌఫీక్.

అది నిరుడు సిమెంటుతో కట్టిన ఇల్లు. గుమ్మం మీద, పాత ఇళ్ళకుండే ఎండు మొసలికి బదులు, ప్లాస్టిక్ మొసలి కూడా ఉంది. ఆ ఒక్క మాటా చెప్పకపోతే ఇక నైలు ఒడ్డునున్న ఈ నూబియా పల్లెకు అతిథులెవరినీ పంపనని తేల్చేశాడు. అతిథులు రాకపోతే ఊళ్ళో సగం పొయ్యిలు వెలగవు. ఊరంతా దహీబా అవ్వను బతిమాలింది. ఆమె ససేమిరా అంది.

"చూపిస్తే నా ఇల్లే చూపిస్తా. నువ్వూ రా బాబూ, చూద్దువుగాని."

కైరో నుంచి వచ్చిన అతిథుల్ని వెంటబెట్టుకుని బయలుదేరింది. తౌఫీక్ సణుక్కుంటూ వచ్చాడు. ఎందుకో దారి పొడుగునా అతని ముఖం పాలిపోయే ఉంది.

ఇంటి దగ్గర దహీబా ఎవర్నీ లేవనివ్వలేదు. ఇంటికొచ్చినవాళ్ళు నిలబడితే తమకు నామోషీ అంది. చంటివాణ్ణి ఒళ్ళో పెట్టుకోమని ఒక తల్లికి చెప్పింది.

తర్వాత వేలెత్తి ఒక్కొక్కటే చూపించసాగింది. అదిగో, తాత సాయంత్రాలు కూర్చునే మట్టి అరుగు. గుమ్మం చుట్టూ అమ్మ అతికించిన పింగాణీ పళ్ళేలు. అందులో ఒకటి పగిలింది. పగలగొట్టింది తనే. దెబ్బలు తప్పించుకోడానికి ధాన్యపు గాదెలో దూరింది. అతిథులు పకపకా నవ్వారు. ఒకామె ఆ పళ్ళెం కోసం వంగి మరీ చూసింది.

అవతల పెళ్ళిగది. అక్క పెళ్ళికి గోడ నిండా వేసిన చేతిముద్రలు. అన్నిటికంటే కిందున్న చిట్టి చెయ్యి తనదేనని చెబుతూ దహీబా తన అరచేతి వంక చూసుకుంది. వెంటనే కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో ఆమెకు బాగా తెలుసు.

తౌఫీక్ ఇక ఉండబట్టలేకపోయాడు. "ఇక్కడ చూడ్డానికి ఏముందవ్వా? వీళ్ళు ఫోటోలేం తీసుకుంటారు?"

"నా ఇల్లుంది. నీకు కనబడకపోతే నన్నేం చెయ్యమంటావు?"

ఫోటోలు ఎవరూ తియ్యలేదు. తలలు వంచుకుని అలాగే చూస్తుండిపోయారు. ఒక పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మధ్యలో ఈ కంపెనీ ఎందుకవ్వా?" అన్నాడు కాసేపటికి. "ఇకనుంచి మేమూ, మావాళ్ళూ తిన్నగా నీ దగ్గరికే వస్తాం. ఈ ఇల్లే చూపించు."

దహీబా కళ్ళు తుడుచుకుని సైగ చెయ్యగానే ఆమె తమ్ముడు ఇంజను స్టార్ట్ చేశాడు. అరవై ఏళ్ళ కిందట ఆనకట్ట ముంచేసిన ఆ ఇంటి మీది నుంచి పడవ మెల్లగా ఒడ్డుకు మళ్ళింది.