ఉన్నికి మైల లేదు

ఉన్నికి మైల లేనప్పుడు, ఆ ఉన్నిని అల్లిన చేతికి మాత్రం మైల ఎక్కడినుంచి వచ్చింది?

ఈ ప్రశ్న అడిగింది హన్నమ్మ. ఆళ్లగడ్డలోని ఆ పెద్దింటి తలవాకిట నిలబడిన చెన్నకేశవులు మీసం సవరించుకున్నాడు.

"శాలువా ఆడ పెట్టమ్మా. మేం తీసుకుంటాం," అన్నాడు, ఆమె ముఖం వంక చూడకుండా.

హన్నమ్మ బేతంచెర్ల బండలు పరచిన అరుగు మీద, కదిలే బండను తప్పించి కూర్చుంది. నంద్యాల మిషను బడి పంతులును పెండ్లాడి, అతని మతమే తన మతం చేసుకుని, ఆ బడిలోనే ఆడపిల్లలకు అల్లిక నేర్పుతోంది ఆమె. ఈ ఇంటి ముసలామె రంగనాయకమ్మ చలిజ్వరంతో మంచం పట్టిందనీ, మడికి పనికివచ్చే ఉన్ని శాలువా కావాలనీ బడికి కబురు రాగానే, మరెవరికీ అప్పగించక తానే అల్లింది. సన్నని ఉన్ని, తడిమితే వేళ్లకు తగిలేలా ఉబ్బెత్తుగా జొన్నకంకుల వరుసలు. కడపటి వరుస మాత్రం ముగించలేదు. కుట్లన్నీ ఇంకా సూది మీదే ఉన్నాయి.

"అయిపోలేదా ఇంగా?" కోడలు కమలాక్షమ్మ వాకిట్లోకి తొంగిచూసింది.

"ఆమె భుజాల మీద కప్పి, నిడివి జూసి ముగించాల. నన్ను మంచం కాడికి రానియ్యండి."

"మంచం కాడికా! దేవునిగూడు ఆన్నే ఉంది. కూచోమంటే పండుకుంటాననేది ఇదే మల్ల."

చెన్నకేశవులు లోపలికి వెళ్లి, తల్లి భుజాల కొలత దారంతో తీసి, ఆ దారాన్ని తెచ్చి అరుగు మీద పడేశాడు.

"ఇంగ ముగించు."

ఆ దారం ముక్కను చూడగానే హన్నమ్మకు ఒళ్లు మండింది. అంటరానితనం నేరమని చట్టం వచ్చి ఏడాది దాటింది. నంద్యాల దాకా వచ్చిన ఆ చట్టానికి ఆళ్లగడ్డ బస్సు దొరకలేదు కాబోలు! వరుస ముగించి, ఉన్ని తెంపి, శాలువాను బండ మీద పెట్టింది. కమలాక్షమ్మ వంగి చటుక్కున అందుకుంది.

"నీళ్లు చల్లవా తల్లీ?" అంది హన్నమ్మ.

"ఉన్నికెందుకు?"

"అయితే నా మీద చల్లు. బిందెడు కుమ్మరించు. తడిగుడ్డల్తోనే లోపలికొస్తా."

కమలాక్షమ్మ భర్త వైపు చూసి, తల వంచుకుని లోపలికి పోయింది.

లోపల ముసలామె దగ్గు ఆగింది. కాసేపటికి సన్నని గొంతు వినిపించింది.

"ఈ కంకులు గోవిందమ్మ అల్లేటివే... ఏమే, వచ్చినాదా?"

"ఎవరూ రాలేదత్తా. మిషనామె శాలువా తెచ్చింది, అంతే."

"నా బిడ్డ వచ్చినాదేమో చూడే!"

హన్నమ్మ అరుగు మీదే లేచి నిలబడింది.

"పిలుస్తాండాది గదప్పా. ఆ బిడ్డను రానిస్తే మీ సొమ్మేం పోతాది?"

చెన్నకేశవులు అప్పుడు, మొదటిసారిగా, ఆమె వైపు తిరిగాడు.

"మా అక్క సచ్చిపాయ. ఎన్నడో నీళ్లొదిలినాం."

"శవాన్ని జూసినావా?"

చెన్నకేశవులు లోపలికి నడిచాడు. తలుపు మూసుకుంది. గడియ పడింది. తలుపు వెనక ముసలి గొంతు అదే పేరును మళ్లీ మళ్లీ పిలుస్తోంది. నంద్యాల పోయే ఆఖరి బస్సు హారను మోగించి వెళ్లిపోయింది. హన్నమ్మ కదలలేదు.

గోవిందమ్మ అరుగు మీదే ఉందని, మీరైనా ఆ తల్లికి చెప్పండి.